మాట అందించేవాడు

గురువారం సాయంత్రం ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. సోఫాల మేస్త్రి నిలువెత్తు నల్ల కర్ర పట్టుకుని సభ తలుపు ముందు నిలబడ్డాడు. పగలంతా సుత్తి పట్టుకునే చెయ్యి కాబట్టి కర్రను కూడా సుత్తిని పట్టుకున్నట్టే మధ్యలో పట్టుకున్నాడు. పైభాగాన పట్టుకోవాలని ప్లీడరు ఇప్పటికి రెండుసార్లు చెప్పాడు. మేస్త్రికి వినపడింది, చేతికే వినపడలేదు.

సభ అంటే అన్నదమ్ముల సభ. టైర్ల దుకాణం మీద మేడలో ఒక హాలు, దాని ముందు సన్నటి వసారా, వసారాలోకి ఇరవై రెండు మెట్లు. నలభై మందికి పైగా సభ్యులు. ఇక్కడ వయసుతో పని లేదు, ముందు చేరినవాడు అన్న, తర్వాత చేరినవాడు తమ్ముడు. అరవై దాటిన పోస్టుమాస్టరు నలభై ఏళ్ల మందుల షాపతన్ని "అన్నా" అని పిలవాలి. పిలుస్తాడు కూడా, కాస్త పళ్లు నూరుతూ. వీళ్లందరి మీదా ఏడాదికొకసారి ఎన్నుకునే పెద్దన్న ఉంటాడు. ఇప్పటి పెద్దన్న పళ్ల డాక్టరు, మేస్త్రి కన్నా పదేళ్లు చిన్నవాడు.

హాల్లోకి వెళ్లాలంటే మాట చెప్పాలి. మూడు నెలలకొకసారి పెద్దన్న కొత్త మాటొకటి ఎంచి అందరి చెవుల్లో వేస్తాడు. రాసుకోకూడదు, ఇంట్లో చెప్పకూడదు. కర్ర పట్టుకున్నవాడు "మాట?" అని అడిగితే, అతని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. ఈ మూణ్ణెల్ల మాట ఏమిటో ఇక్కడ రాయకపోవడం ప్రమాణానికి భయపడి కాదు. రాసినా ఎవరికీ గుర్తుండే రకం కాదు.

ఎవరికీ గుర్తుండదన్న సంగతి కర్ర చేతికొచ్చిన మొదటి వారమే మేస్త్రికి అర్థమైంది. వచ్చినవాళ్లు తలుపు దగ్గర నోరు ముందుకు పెట్టరు, చెవి ముందుకు పెడతారు. కర్ర మనిషి ఆ చెవిలో మాట మెల్లగా అందిస్తాడు. తర్వాత గొంతు సవరించుకుని "మాట?" అని గట్టిగా అడుగుతాడు. అందుకున్నవాడు అదే మాట తిరిగి ఇతని చెవిలో వేసి, ఛాతీ విరుచుకుని లోపలికి వెళతాడు. ఈ పద్ధతి నియమాల పుస్తకంలో లేదు. దాన్ని పెట్టింది గడపాయన. ముప్ఫై ఒక్కేళ్లు ఆ కర్ర పట్టుకుని ఆ గడప దగ్గరే నిలబడ్డ మనిషిని అంతా గడపాయన అనే పిలుస్తారు. మేస్త్రి సభలో చేరిన కొత్తలో మాట మరిచిపోయి చెమటలు కక్కుతుంటే, "కంగారెందుకు తమ్ముడూ, నేనున్నది దేనికి?" అంటూ చెవిలో అందించింది ఆయనే. నాలుగు నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కర్ర మేస్త్రికి వచ్చింది.

ఆరింటికి అయిదు నిమిషాలుందనగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక అడుగు, తర్వాత ఈడ్పు, మళ్లీ ఒక అడుగు. గడపాయన నల్లకోటు వేసుకుని, కూతురి భుజం పట్టుకుని పైకి వస్తున్నాడు. కోటుకు అన్ని బొత్తాలూ పెట్టి ఉన్నాయి. బయటివాళ్లు ఆఖరి మెట్టు దాటకూడదు కాబట్టి కూతురు అక్కడే ఆగిపోయి, చెయ్యి వదిలేసి, పడిపోతే పట్టుకునేందుకు సిద్ధంగా నిలబడింది. ఆయన ఒక్కడే నాలుగడుగులు వేసి తలుపు ముందుకు వచ్చాడు. మొహంలో ఒకవైపే నవ్వు కనిపించింది, కాని అది పూర్తి నవ్వే.

మేస్త్రి గుండె నిండిపోయింది. "అన్నా, వచ్చావా!" అన్నాడు. కర్ర పట్టుకున్న సంగతి గుర్తొచ్చి, ఆయన చెవి దగ్గరికి వంగాడు.

వెనక నుంచి ప్లీడరు దగ్గాడు. సభ నియమాలన్నీ కంఠతా వచ్చిన మనిషి ప్లీడరు. మాటొక్కటే రాదు. పది నిమిషాల కిందట అతని చెవిలో మాట అందించింది మేస్త్రే.

"అందించడం నియమంలో లేదు తమ్ముడూ" అన్నాడు ప్లీడరు.

మేస్త్రి నిటారుగా నిలబడ్డాడు. "మాట?" అన్నాడు.

గడపాయన అతని చెవి దగ్గరికి నోరు తెచ్చాడు. వెచ్చటి ఊపిరి తగిలింది. చాలాసేపు పెదాలు కదిలాయి. "గొడుగు" అన్నాడు చివరికి.

సభలో వేసుకునే పొడుగు అంగీ తొడుక్కుంటూ పెద్దన్న బయటికొచ్చి ఆలస్యమెందుకని అడిగాడు. ప్లీడరు రెండు ముక్కల్లో చెప్పాడు. పెద్దన్న గడపాయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఆరోగ్యం ముఖ్యం అన్నా. తొందరేముంది? మాట వచ్చాక రా. నీ కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు.

గడపాయన తలుపు వైపు చూశాడు, మేస్త్రి చేతిలోని కర్ర వైపు చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగాడు.

"ఏమైంది బాబాయ్?" అంది కూతురు ఆఖరి మెట్టు మీది నుంచి.

"ఇవాళ కుదర్లేదమ్మా" అన్నాడు మేస్త్రి.

అందించినా ఆయన పలకలేడు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. అయినా అందించాల్సింది.

శనివారం పొద్దున మేస్త్రి పెద్దన్న ఆసుపత్రికి వెళ్లాడు. రోగులు కూర్చునే గదిలో సోఫా కుంగిపోయిందని పది రోజుల కిందట కబురు పెట్టారు. సోఫాను తిరగేసి, అడుగున గుడ్డ చింపి చూశాడు. నాలుగు పట్టీలు తెగి ఉన్నాయి, స్ప్రింగు ఒకటి పక్కకు ఒరిగింది. పంటి నొప్పితో వచ్చినవాళ్లు అంచున కూర్చుంటారు, అందుకే అంచు పట్టీలే ముందు తెగుతాయి. మేస్త్రి పాత మేకులు పీకి, కొత్త పట్టీని చట్రానికి తగిలించి, చెక్కపట్టుతో బిగలాగాడు. గుప్పెడు చిన్న మేకులు నోట్లో వేసుకున్నాడు. నాలుకతో ఒక్కొక్కటే పెదాల మధ్యకు నెట్టడం, అయస్కాంతపు సుత్తి మొనతో దాన్ని అందుకోవడం, చెక్కలోకి దిగ్గొట్టడం, మూడూ ఒకే ఊపులో జరిగిపోతాయి. ముప్ఫై ఏళ్లలో రెండే మేకులు మింగాడు. ఆ రెంటి గురించీ భార్య ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

రోగులు పలచబడ్డాక పెద్దన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లతో మాట్లాడి మాట్లాడి, అవతలివాళ్ల జవాబు కోసం ఆగే అలవాటు అతనికి పోయింది. మేకులు నోట్లో ఉన్న మేస్త్రి అతనికి చక్కగా సరిపోయాడు.

"మొన్న గడపాయన వచ్చి నన్ను ఇరుకున పెట్టాడు. నాకేం సరదానా చెప్పు, అంత పెద్దాయన్ని వెనక్కి పంపడం?"

మేస్త్రి ఒక మేకు కొట్టాడు.

"నియమం అడ్డొచ్చిందనుకో. మంచిదే అయింది. వచ్చే నెల పై సభల నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఆయనేమో ముందు వరసలో కూర్చుంటాడు. నోటి పక్క నుంచి కారుతూ ఉంటుంది. మధ్యలో గొడుగో, గొంగడో అంటాడు. ఏం బాగుంటుంది? నా హయాంలోనే జరగాలా ఇదంతా?"

మేస్త్రి ఇంకో మేకు పెదాల మధ్యకు తెచ్చాడు, కాని కొట్టలేదు.

"పాపం, మంచి మనిషే. కాదన్లేదు. ఎవరైనా ఇంటికెళ్లి చూసొస్తే బాగుంటుంది." పెద్దన్న లేచి ఒళ్లు విరుచుకున్నాడు. గది ఖాళీగా ఉందో లేదో చూసుకుని గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఈసారి మాటేంటి తమ్ముడూ? నేను పెట్టిందే, నాకే నాలిక చివర ఆడుతోంది."

మేస్త్రి మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి, తలెత్తాడు. ఈలోగా బుగ్గ పట్టుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. "సరే, గురువారం చెబుదువుగాని" అని పెద్దన్న చకచకా వెళ్లిపోయాడు.

మేస్త్రి తడిసిన మేకులు ఒక్కొక్కటే గుడ్డకు తుడిచాడు. సభలో చేరి పదహారేళ్లు. ప్రతి గురువారం మధ్యాహ్నం నుంచే పని త్వరగా ముగించుకుని, గోళ్లలో బంక గీక్కుని, కోటు దులుపుకుని వెళ్లాడు. నియమాలు కఠినంగా ఉన్నందుకే ఆ సభంటే గౌరవం. అవి ఎవరి కోసమూ వంగవనుకున్నాడు. అతనికి కోపం రాలేదు, సిగ్గేసింది. తర్వాత మిగిలిన పట్టీలు అల్లి, స్ప్రింగును పురికొసతో నిలబెట్టి, పీచు సర్ది, గుడ్డ బిగించి మూసేశాడు. పని మాత్రం ఎప్పటిలాగే చేశాడు.

"మొహం అలా ఉందేం? మళ్లీ మేకు మింగారా?" అంది భార్య, అతను ఇంటికి రాగానే.

"లేదు."

"అయితే ఆ సభే అయ్యుంటుంది. ఏం జరిగిందో చెప్పరు, మీకు ప్రమాణం." ఆమె అతని పనిముట్ల సంచి తీసి కొక్కేనికి తగిలించింది. "నాకొకటి అర్థం కాదు. అంతమంది మగాళ్లు తలుపేసుకుని దాచుకునేటంత గొప్ప సంగతులు మీ దగ్గరేమున్నాయని?"

ఇంకో రోజైతే మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. ఈసారి నవ్వు రాలేదు.

ఆదివారం గడపాయన ఇంటికి వెళ్లాడు. ముందు గదిలో కూతురి ఇస్త్రీ దుకాణం, వెనక గదిలో కాపురం. ఆమె చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ, తలతోనే లోపలికి దారి చూపింది. గడపాయన కిటికీ పక్కన కూర్చుని రుమాళ్లు మడత పెడుతున్నాడు. ఎడమచేత్తో మూల పట్టుకోవడం, కుడిచేతిని దాని మీద బరువులా ఆనించడం, మెల్లగా లాగడం. మడత ఒక్కటీ వంకర లేదు.

"చెప్పిందంతా అర్థమవుతుంది నాన్నకి" అంది కూతురు, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వస్తూ. "మాటే రాదు. అన్నింటికీ ఒకటే. నీళ్లు కావాలన్నా గొడుగే, నన్ను పిలవాలన్నా గొడుగే. గురువారం వస్తే మాత్రం పొద్దున్నించీ కోటు చూపిస్తాడు. మొన్న మీ దగ్గర్నించి వచ్చాక మూడ్రోజులు సరిగ్గా తినలేదు."

మేస్త్రి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అన్నా, మొన్న నేను తప్పు చేశాను" అన్నాడు.

గడపాయన రుమాలు పక్కన పెట్టి, ముందుకు వంగి, మేస్త్రి చెవి దగ్గర నోరు పెట్టాడు. ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత వెనక్కి జరిగి, కనుబొమలు ఎత్తి, అతని మొహంలోకి చూస్తూ ఆగాడు.

"ఇదొకటి కొత్త అలవాటు బాబాయ్" అంది కూతురు. "ఇంటికెవరొచ్చినా, బట్టలకొచ్చినవాళ్లయినా సరే, చెవి దగ్గరికి వంగుతాడు. ఏమీ చెప్పడు. మళ్లీ అలా చూస్తాడు. ఏం కావాలో నాకర్థం కావట్లేదు."

మేస్త్రికి అర్థమైంది. ముప్ఫై ఒక్కేళ్లు చేసిన పనే ఆయన చేస్తున్నాడు. అందించి, అవతలివాడు తిరిగి చెబుతాడని ఎదురు చూస్తున్నాడు. మేస్త్రి ఆయన చెవి దగ్గరికి వంగి, ఈ మూణ్ణెల్ల మాట చెప్పాడు. గడపాయన తృప్తిగా తలూపి మళ్లీ రుమాలు తీసుకున్నాడు.

"గురువారం తీసుకురా అమ్మా. నేను చూసుకుంటాను" అన్నాడు మేస్త్రి వెళ్లబోతూ.

అతని ఆలోచన చాలా మామూలుది. ఎవరికీ మాట అందించకూడదు. మరుపు అందరికీ ఉందని అందరూ ఒక్కసారి గడప దగ్గర నిలబడి తెలుసుకుంటే చాలు, గడపాయనను ఆపడానికి ఎవరికీ నోరు రాదు. వాళ్ల మంచితనం మీద అతనికి అప్పటికీ నమ్మకం పోలేదు.

గురువారం అయిదున్నరకే గడపాయన వచ్చి వసారాలో స్టూలు మీద కూర్చున్నాడు. కూతురు ఆయన్ని పైదాకా ఎక్కించి, కిందికి వెళ్లి టైర్ల దుకాణం ముందు నిలబడింది.

ముందుగా పోస్టుమాస్టరు వచ్చాడు. "మాట?" అనగానే చెవిలో గడగడా చెప్పేశాడు. రోజూ నడకలో వల్లిస్తుంటాడట. కొత్తగా చేరిన గుమాస్తా ఒకతను కూడా వణుకుతూ సరిగ్గానే చెప్పాడు. ఆ ఇద్దరే. మూడోవాడు మందుల షాపతను. అలవాటుగా చెవి పెట్టి, ఏమీ రాకపోయేసరికి చెవిలో వేలు తిప్పుకుని మళ్లీ పెట్టాడు.

"మీరు చెప్పాలన్నా" అన్నాడు మేస్త్రి.

"బాగుంది వేళాకోళం."

"కాదన్నా. నియమం."

మందుల షాపతను పక్కకు జరిగి, చూరు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చినవాళ్లు అతని పక్కన చేరారు. పన్నెండు మంది, పదమూడు మంది. అంతా తలలు గోక్కుంటున్నారు, ఒకళ్లనొకళ్లు అడగలేరు, అడిగితే ప్రమాణం తప్పినట్టవుతుంది. వసారా ఇరుకైపోయింది. ఎవరో గడపాయన కాలు తొక్కి, "అయ్యో అన్నా" అన్నారు. అదొక్కటే ఆయనతో ఎవరైనా అన్న మాట.

ప్లీడరు వచ్చి చెవి ముందుకు పెట్టాడు.

"మాట?" అన్నాడు మేస్త్రి.

"ఊఁ, అందించు."

"అందించడం నియమంలో లేదన్నారు కదా అన్నా, మొన్న."

ప్లీడరు మెడ ఎర్రబడింది. వంగి ఏదో చెప్పాడు.

"అది పోయిన మూణ్ణెల్లది."

చివరికి పెద్దన్న వచ్చాడు. అంగీ చేతి మీద వేసుకుని, గుంపును చీల్చుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా తల పక్కకు వంచి చెవి అందించాడు. అందరూ నోళ్లు మూసుకుని చూస్తున్నారు.

"మాట చెప్పండి పెద్దన్నా" అన్నాడు మేస్త్రి. కర్రను పైభాగాన పట్టుకుని ఉన్నాడు.

"నేను పెట్టిన మాట నన్నే అడుగుతావా?"

"పెట్టినవాళ్లకైతే గుర్తుంటుందని."

వెనక ఎవరో కిసుక్కుమని, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. పెద్దన్న మొహం ఒక్క క్షణం కందిపోయింది. తర్వాత పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "ఏంటర్రా ఈ గొడవ? అన్నదమ్ములం, ఒకళ్ల మొహాలొకళ్లకి తెలీవా? ఇవాళ్టికి మాట లేదు. పదండి, పదండి" అంటూ తలుపు తోశాడు. తలుపు తెరుచుకుంది.

అంతే. అందరూ లోపలికి నడిచారు. నూరేళ్ల నాటి నియమం తొలగిపోవడానికి అంతసేపు కూడా పట్టలేదు. ఎవరి మొహంలోనూ తప్పు చేసిన జాడ లేదు, ఆలస్యమైన చిరాకొక్కటే ఉంది. వాళ్లు సిగ్గుపడతారని మేస్త్రి నాలుగు రోజులుగా ఎదురుచూశాడు. ఇంత తేలికా, అనుకున్నాడు.

స్టూలు దగ్గరికి వెళ్లి గడపాయన మోచెయ్యి పట్టుకున్నాడు. "రా అన్నా."

తలుపులో పెద్దన్న అడ్డంగా నిలబడ్డాడు. "ఆయన్నెందుకు?"

"ఇవాళ మాట లేదన్నారుగా."

"ఆయన సంగతి వేరు తమ్ముడూ."

"ఏం వేరు?"

పెద్దన్న ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరు గడియారం చూసుకున్నాడు. లోపల కుర్చీల్లో సర్దుకున్నవాళ్లు తమ మోకాళ్ల వైపు చూసుకున్నారు. మాట తెలిసి లోపలికి వెళ్లిన పోస్టుమాస్టరు లేవబోయి, పక్కవాళ్లెవరూ లేవకపోవడంతో మళ్లీ కూర్చున్నాడు.

"ఆయన ఎదురుగానే అడుగుతున్నాను. ఏం వేరో చెప్పండి" అన్నాడు మేస్త్రి. గొంతు పెరిగింది.

"ఆయనంటే నాకెంతో గౌరవం" అన్నాడు పెద్దన్న. "నీ చోట్లో నువ్వు నిలబడు తమ్ముడూ, వేళయింది." తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

మేస్త్రి కర్రను గోడకు ఆనించాడు. గడపాయన చేతిని తన భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు. ముందు పట్టులేని కాలు, తర్వాత మంచిది, కాస్త ఆగడం. అలా ఏడెనిమిది మెట్లు దిగేసరికి పైన చెక్క సుత్తి మూడుసార్లు మోగింది.

"గడప దగ్గర ఎవరు?" పెద్దన్న గొంతు.

సభ మొదలయ్యే ముందు లోపలి నుంచి ఆ ప్రశ్న రావాలి. "మీ తమ్ముడు" అని బయటి నుంచి జవాబు వెళ్లాలి. ఆ జవాబు రానిదే సభ మొదలుకాకూడదు. ముప్ఫై ఒక్కేళ్లు ఆ జవాబిచ్చిన మనిషి మెట్టు మీద ఆగిపోయాడు. కమ్మీ పట్టుకుని పైకి తిరిగాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదాలు కూడుకున్నాయి. మేస్త్రి ఆయన నడుము పట్టుకుని, తను నోరు విప్పకుండా నిలబడ్డాడు.

"గడప దగ్గర ఎవరు?" అని మళ్లీ వినిపించింది.

"మీ..." అన్నాడు గడపాయన.

నాలుగు నెలల్లో ఆయన నోట గొడుగు కానిది రావడం అదే మొదటిసారి. గడపాయన కళ్లు పెద్దవయ్యాయి, తన గొంతు తనే విన్నట్టు. మిగతాది కోసం దవడ కదులుతోంది.

"మీ తమ్ముడు" అని ప్లీడరు గొంతు లోపలి నుంచే జవాబు చెప్పింది. సుత్తి మోగింది. కుర్చీలన్నీ ఒక్కసారి కదిలి సర్దుకున్నాయి. ఎవరో ఏదో చదవడం మొదలుపెట్టారు.

గడపాయన నోరు మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, ఎడమచేత్తో నోటి పక్క తుడుచుకుని, నాలుగు మడతలూ మళ్లీ పెట్టి జేబులో వేసుకున్నాడు. ఈసారి మేస్త్రి చెయ్యి కోసం చూడకుండా, కమ్మీ పట్టుకుని తనే దిగాడు. మేస్త్రి ఒక మెట్టు కింద, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచి దిగాడు.

టైర్ల దుకాణం ముందు కూతురు వీళ్లను చూసి గబగబా ఎదురొచ్చింది. "అప్పుడే అయిపోయిందా బాబాయ్?" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాడు మేస్త్రి.